వంగిన సూదులు, లష్కరు శ్రావణాలు

సికిందరాబాదు చరిత్ర వ్రాయబూనినవారు సాధారణంగా 1798 నాటి ఒడంబడికతో మొదలుపెడతారు. హుసేన్‌సాగరుకు ఆవల ఇంగ్లీషు దండు గుడారాలు వేసుకొన్న వైనం, 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరిట ఊరికి నామకరణం జరిగిన వైనం, దండు విడిసిన చోటు కనుక జనం దీనిని లష్కరు అని పిలవడం, 1874లో రైలు రావడం, ఇవన్నీ చెప్పి గడియార స్తంభం దగ్గరకు వచ్చేసరికి కలం మూసేస్తారు. ఆ తరువాత ఈ ఊళ్ళో జరిగినదంతా వ్యాపారమే గాని చరిత్ర కాదన్నట్లు! ఈ ధోరణితో నాకు చిరకాలంగా పేచీ ఉన్నది. పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కిన ప్రతిసారీ ఆ పేచీ ముదురుతుంది.

నేను చెప్పబోయే విషయం చాలా చిన్నది. కంటికి సరిగా ఆననంత చిన్నది. కంప్యూటరులో మదర్‌బోర్డు అనే పలక ఉంటుంది గదా, దాని మీద ప్రాసెసరును కూర్చోబెట్టడానికి సాకెట్టు అనే పీట ఒకటి ఉంటుంది. ఇప్పటి పీటలలో వందలకొద్దీ సన్నని లోహపు మొనలు బారులు తీరి ఉంటాయి. వాటిని పిన్నులంటారు. తెలుగులో సూదులనవచ్చు, ములుకులనవచ్చు. వాటిలో ఒకటి వంగితే చాలు, యంత్రం నోరు మెదపక పోవచ్చు. వంగిన ఆ సూదిని తిరిగి నిలబెట్టే పనివాళ్ళు మన లష్కరులో ఉన్నారు. వారి పని ఎప్పుడు, ఎందుకు పుట్టింది? ఆ సూది వంగితే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం.

జంటనగరాలకు కంప్యూటరుతో చుట్టరికం ఈనాటిది కాదు. అణుశక్తి శాఖ కింద ఇ.సి.ఐ.ఎల్. హైదరాబాదులో 1967లో ఏర్పడింది. దానికి పునాది వేసిన అయ్యగారి సాంబశివరావు గారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లువారు. ఆయన పేరిట వెలసినదే మన ఎ.ఎస్.రావు నగర్. 1969 నాటి టి.డి.సి.-12 అనే కంప్యూటరు పేరు ఆ సంస్థతోనే ముడిపడి ఉన్నది. ఇది చాలామంది ఎరిగినదే.

అంతగా ఎరుగనిది మరొకటి. 1975లో కేంద్ర ప్రభుత్వం కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అనే సంస్థను నెలకొల్పింది. 1978లో ఐ.బి.ఎం. ఈ దేశం విడిచి వెళ్ళిపోతే, అది వదిలిపోయిన యంత్రాల సంరక్షణ భారం ఈ సంస్థ మీద పడింది. దీనినే తరువాత సి.ఎం.సి. అన్నారు. దీని పరిశోధన విభాగం సికిందరాబాదులో సరోజినీదేవి రోడ్డున ఉండేది. ఇప్పటి చెనాయ్ సెంటరుకు అక్కడి నుంచి నడిచి పోవచ్చు. 2001లో ఆ సంస్థ టాటాల చేతికి వెళ్ళి, 2015లో టి.సి.ఎస్.లో కలిసిపోయింది. ఆ సంస్థ పేరులోనే 'మరమ్మతు' ఉండడం నాకు ముచ్చటగా తోస్తుంది. మరమ్మతు మనకు అరబ్బీ పారసీకాల నుంచి వచ్చి, ఇంటి మాటయై కూర్చున్నది. అచ్చ తెలుగున 'బాగుచేత' అంటే ఎవరూ కాదనరు గాని, ఎవరూ అనరు కూడా.

అయితే ఇ.సి.ఐ.ఎల్.లోనూ సి.ఎం.సి.లోనూ పనిచేసిన ఇంజనీర్లకు ఈ వంగిన సూది బాధ మన బజారుకు తెలిసినంతగా తెలిసి ఉండదు. దీనికి కారణం ఉన్నది. కర్మాగారంలో ఒకసారి బిగించిన ప్రాసెసరును ఎవరూ ఊరకే ఊడదీయరు. సూది వంగడం విడిభాగాల బజారుకు అంటుకొన్న జబ్బు. 1991 తరువాత దిగుమతుల కట్టుబాట్లు సడలి, 1997లో భారతదేశం సమాచార సాంకేతిక వస్తువుల సుంకాల తగ్గింపు ఒప్పందంలో చేరాక, బోర్డు ఒకచోట, ప్రాసెసరు ఒకచోట, క్యాబినెట్టు మరొకచోట కొని కూర్చుకొనే 'అసెంబుల్డు' కంప్యూటరు మధ్యతరగతి ఇంటికి వచ్చింది. పేరున్న కంపెనీ యంత్రం కన్న చవుక. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో మా బడి ఉపాధ్యాయులలో కంప్యూటరు కొన్నవారందరూ పార్క్ లేన్‌లో కూర్పించుకొన్నవారే. కూర్పు అన్న తరువాత చేయి తగలక తప్పదు. చేయి తగిలితే సూది వంగకా తప్పదు.

ఇక ఆ సూది వంశచరిత్ర. తొలినాటి చిప్పులకు సూదులనడం సరికాదు, కాళ్ళనాలి. 1978లో వచ్చిన ఇంటెల్ 8086 చూడడానికి జెర్రి వలె ఉంటుంది. అటు ఇరవై, ఇటు ఇరవై, వెరసి 40 కాళ్ళు. కొత్త చిప్పుల కాళ్ళు కొద్దిగా ఎడంగా చాచుకొని ఉండేవి. బల్ల మీద పక్కకు ఒరిగించి మెల్లగా అదిమి, నిటారు చేసి, అప్పుడు సాకెట్టులో దించాలి. తొందరపడితే ఒక కాలు మడతపడి చిప్పు కడుపు కిందికి పోయేది. పైనుంచి చూస్తే అన్నీ దిగినట్లే ఉంటుంది!

1985 నాటి 386 ప్రాసెసరుకు 132 పిన్నులు. అవి అడుగుభాగాన మేకుల పలక వలె నిలిచి ఉండేవి. 1989లో 486 వచ్చేసరికి అవి 168 అయినాయి. పిన్నుకూ పిన్నుకూ నడుమ అంగుళంలో పదవ వంతు దూరం, అంటే 2.54 మిల్లీమీటర్లు. దానిని సాకెట్టులో దించాలంటే బొటనవేళ్ళతో బలంగా నొక్కాలి. తీయాలంటే నాలుగు వైపులా కొద్దికొద్దిగా పెల్లగించాలి. ఆ పెల్లగింపులోనే పిన్నులు వంగేవి. ఈ బాధ తీర్చడానికే మీట గల సాకెట్టు వచ్చింది. దీనిని జిఫ్ సాకెట్టు అన్నారు, దించడానికి బలం అక్కరలేనిది అని ఆ పొడి అక్షరాల భావం. మీట ఎత్తితే రంధ్రాలు వదులవుతాయి, దించితే బిగుస్తాయి. 1997లో పెంటియమ్-2 పిన్నులనే మానుకొని, పాటల క్యాసెట్టు వలె గాడిలో దిగింది గాని, రెండేళ్ళు తిరిగేసరికి ఇంటెల్ మళ్ళీ సాకెట్టు గూటికే చేరింది. 2001 నాటి పెంటియమ్-4కు 478 పిన్నులు, నడుమ ఎడం 1.27 మిల్లీమీటర్లు. పన్నెండేళ్ళలో ఎడం సరిగా సగమైనది.

ఇంతవరకూ ఒక నియమం మాత్రం మారలేదు. పిన్నులు ప్రాసెసరువి. సాకెట్టుకు ఉన్నవి రంధ్రాలే. పిన్ను వంగితే అది ఖరీదైన వస్తువుకు కలిగిన హాని గనుక అందరూ దానిని జాగ్రత్తగా పట్టుకొనేవారు. వంగినా, పైకి పొడుచుకొని వచ్చిన పిన్ను గనుక కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది.

2004 జూన్‌లో ఈ నియమం తలక్రిందులైనది. ఇంటెల్ తన 775 సాకెట్టులో పిన్నులను ప్రాసెసరు నుంచి తీసి బోర్డుకు పెట్టింది. ప్రాసెసరు అడుగున ఇక చదునైన బంగారు పూత చుక్కలే. అంగుళంన్నర పలకలో 775 చుక్కలు. ఎదురుగా సాకెట్టులో 775 స్ప్రింగు మొనలు, ఒక్కొక్కటి ఏటవాలుగా పైకి లేచి, కొనలో కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. పై నుంచి ఇనుప చట్రం అదిమితే మొన చుక్కను తాకి నిలుస్తుంది. ఈ మార్పుకు మంచి కారణాలే ఉన్నాయి. ప్రాసెసరు వేగం పెరిగేకొద్దీ దానికి పంపవలసిన విద్యుత్తూ, సంకేతాలూ పెరిగినాయి, తాకే చోట్లు ఎక్కువ కావాలి. పొడవాటి పిన్ను వేగంగా మారే విద్యుత్తుకు అడ్డు తగులుతుంది, పొట్టి మొన అంతగా తగలదు. శాస్త్రం దృష్టితో ఆక్షేపించడానికి ఏమీ లేదు.

ఆక్షేపణ మరొకచోట ఉన్నది. ఆ దినం నుంచి ప్రాసెసరు చేసినవాని వస్తువులో వంగడానికేమీ మిగలలేదు. వంగేదంతా బోర్డు చేసినవాని పాలైనది. ఆయన మాత్రం ఊరక మోస్తాడా? సాకెట్టు మీద ప్లాస్టిక్కు మూత ఒకటి బిగించి, 'మేము పంపినప్పుడు సూదులు తిన్నగానే ఉన్నవి' అన్నాడు. వంగిన పిన్ను వాడుకరి చేసిన హాని అనీ, దానికి వారంటీ వర్తించదనీ బోర్డు కంపెనీలు సాధారణంగా పెట్టుకొన్న నియమం. కనుక భారం దుకాణదారు మీదికి జారింది. అతడు కొనుగోలుదారు ఎదుటనే పెట్టె విప్పి, మూత తీసి, 'చూసుకోండి సార్, అన్నీ మంచిగున్నయి' అని చూపించి, తన మెడ నుంచి దించుకొన్నాడు. చివరకు అది ఇంట్లో ఫ్యాను దుమ్ము తుడుచుకొనే నా బోటివాని నెత్తిన పడింది. ఒక కంపెనీ ఎక్కడో సముద్రాల అవతల కూర్చుని గీసిన బొమ్మలో రెండు వస్తువుల నడుమ పిన్ను స్థానం మారితే, పార్క్ లేన్‌లో నష్టం ఎవరిదనే వ్యవహార ధర్మమే మారిపోయింది! ఇది చరిత్ర కాకపోతే ఏది చరిత్ర?

ఆ భారం మోసినవారిలో నేనొకడిని గనుక ఆ సంగతి చెబుతాను. 2015వ సంవత్సరపు వేసవి, నేను ఉద్యోగ విరమణ చేసిన ఏడు. 2006లో కూర్పించుకొన్న నా యంత్రం ఊరకే వేడెక్కి ఆగిపోతున్నది. లోపల దుమ్ము ఉన్నదని ఎవరో అంటే, ఒక ఆదివారం మూత విప్పి, ఫ్యాను తీసి, ఉత్సాహం ఆగక ప్రాసెసరు కూడా పైకి తీసి, సాకెట్టును మెత్తని పాత పంచె ముక్కతో శుభ్రంగా తుడిచినాను. దేవతార్చన పళ్ళెం తుడిచినంత శ్రద్ధగా! మళ్ళీ అన్నీ బిగించి మీట నొక్కితే ఫ్యాను తిరిగింది గాని తెర మీద చుక్క వెలుగు రాలేదు. అందులో తొమ్మిదేళ్ళుగా నేను టైపు చేసుకొంటున్న పద సేకరణ ఉన్నది. పాత కావ్యాలలో ఉండి నిఘంటువులకు ఎక్కని మాటలు, పల్లెలలో నా విద్యార్థుల నోట విన్న మాటలు. మరొక ప్రతి లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు ఒక దుకాణానికి మోసుకొని వెళితే, చూసి, 'బోర్డు పోయింది, ఈ జాతి బోర్డు కొత్తది దొరకదు, ప్రాసెసరు, ర్యామూ కూడా మార్చాలి' అన్నారు. అంటే యంత్రమంతా కొత్తదే. అప్పటికి నా పింఛను కాగితాలు ఇంకా కదలలేదు. అక్కడినుంచి లేచి, చెనాయ్ సెంటరులో మెట్ల పక్కన బల్ల వేసుకొన్న ఒక కుర్రవాని దగ్గరకు పోయినాను. సాకెట్టు మీద దీపం వాల్చి, అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి చూసి, తల ఎత్తకుండానే అడిగినాడు: "బట్టతోని తుడిచిండ్రా సార్?"

అవును నాయనా అన్నాను. "పోగు పట్టి గుంజింది సార్. నాలుగు పిన్నులు. హార్డ్ డిస్కుకు ఏం కాలే, భయపడకుండ్రి." నా ముఖం చూసి ఆ చివరి మాట అన్నాడు కాబోలు.

అతడు పనిచేసిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లున్నది. మొదట చూపు. మొనలన్నీ ఒకే వాలులో ఉంటాయి గనుక దీపాన్ని ఏటవాలుగా పట్టితే కొనలన్నీ ఒకే వరుసలో మెరుస్తాయి, వరి మళ్ళలో నాట్లు ఒక దిక్కు నుంచి చూస్తే బారులు తీరినట్లు. ఏ మొన తప్పుకొన్నదో అక్కడ మెరుపు తెగుతుంది. దీపం చోటు మార్చి మళ్ళీ చూడాలి, ఎందుకంటే మొన పక్కకే కాక కిందికీ అణగవచ్చు, పక్క మొన మీదికి ఎక్కి ఉండవచ్చు. అలా రెండు మొనలు తాకి ఉన్నప్పుడు విద్యుత్తు ఇస్తే, పోరాని చోటికి పోయి ప్రాసెసరే కాలిపోయే ప్రమాదం ఉన్నది. నేను ముందునాడు నాలుగైదు సార్లు మీట నొక్కిన సంగతి చెప్పక నోరు మూసుకొన్నాను. ఆ తరువాత గడియారాలు బాగుచేసేవారు కంటికి తగిలించుకొనే భూతద్దం పెట్టుకొని, సూదిమొన వంటి శ్రావణం చేత పట్టినాడు.

ఇక్కడ ఒక మాట. శ్రావణం అంటే నెల అనుకొనేరు. కంసాలి వాడే సన్నని పట్టుకారుకూ మన భాషలో అదే పేరు. పాట్ మార్కెట్టు నగల దుకాణాల వెనుక గదులలో కుంపటి, ఊదుగొట్టం, ఆకురాయి పక్కన ఇది తప్పక ఉంటుంది. ఆ కుర్రవాడు ట్వీజరు అన్నాడు. ఆ పిన్నులకు పైన ఉన్నదీ బంగారమే గదా! లోపల రాగి మిశ్రమం, దాని మీద నికెలు, ఆ పైన బంగారు పూత. చిలుము పట్టకుండా ఉండడానికి అంత సోకు. పూత గీసుకుపోతే రాగి బయటపడి, తాకే చోట మురికి కట్టి, నెలల తరువాత తగవు పెడుతుంది. అందువల్ల మొన కొసను గిల్లి పట్టరాదు. కొసకు కొంచెం దిగువన, వంగిన మలుపు దగ్గర ఆనించి, ఎటు వంగిందో దానికి ఎదురు దిశగా వెంట్రుకవాసి నెట్టాలి. నెట్టి, చేయి తీసి, మళ్ళీ దీపం వాల్చి చూడాలి. మొనకు స్ప్రింగు గుణం ఉన్నది గనుక నెట్టినంత దూరం నిలవదు, కొద్దిగా వెనుకకు వస్తుంది. ఎంత వెనుకకు వస్తుందో చేతికి తెలియాలి. దానిని చెప్పే పుస్తకం నేను చూడలేదు.

మూడు పిన్నులు తేలికగా లేచినాయి. నాలుగవదాని దగ్గర అతడు చాలాసేపు ఆగినాడు. ఎందుకని అడిగితే, "ఒకసారి వంచితే వస్తది సార్. మల్లొకసారి వంచితే ఇరుగుతది" అన్నాడు. లోహం వంచిన చోట బిరుసెక్కుతుందని ఇంజనీర్లు చెప్పే మాటే ఇది. 'విరుగు' ఆ నోట 'ఇరుగు' కావడం నా పాత బడి రోజులు గుర్తుకు తెచ్చింది. ఆ మాటకు నేను ఎందరి కాగితాలలో ఎర్ర సిరా గీత గీశానో! ఆ రోజు గీత గీయవలసిన అవసరం కనబడలేదు. గంటన్నర గడిచింది. నాలుగవదీ లేచింది.

ఇదే పని ఎ.ఎం.డి. ప్రాసెసరుకు వేరుగా ఉంటుంది. ఆ కంపెనీ మామూలు కంప్యూటర్ల విషయంలో పాత పద్ధతినే పట్టుకొని, 2016 నాటి ఎ.ఎం.4 దాకా పిన్నులను ప్రాసెసరుకే ఉంచింది, 1331 పిన్నులు. వాటికి వచ్చే గండం వేరు. ప్రాసెసరుకూ ఫ్యాను కింది లోహపు దిమ్మెకూ నడుమ పూసే థర్మల్ పేస్టు ఏళ్ళ తరబడి వేడికి ఎండి జిగురైపోతుంది. దిమ్మెను పైకి లాగితే, మీట బిగించి ఉన్నా సరే, ప్రాసెసరు కూడా దానితోపాటు ఊడి వస్తుంది. పిన్నులు కొన్ని పక్కకు ఒరుగుతాయి. ముందుగా యంత్రాన్ని కాసేపు నడిపి వేడెక్కించి, ఆపి, దిమ్మెను పక్కలకు మెల్లగా తిప్పి తీయాలని తెలిసినవారు చెబుతారు. ఒరిగిన పిన్నుకు వైద్యం సీసం తీసేసిన బటన్ పెన్సిలు. దాని సన్నని గొట్టాన్ని పిన్నుకు తొడిగి నిలబెడతారు. ఇంజెక్షను సూదితో చేసేవారూ ఉన్నారు. పిన్ను విరిగితే, సాకెట్టు రంధ్రంలో సన్నని రాగి తీగ ముక్క వేసి నెట్టుకొచ్చే సాహసికులూ ఉన్నారు. అన్ని పిన్నులూ ఒకే విలువ గలవి కావు. విద్యుత్తు తెచ్చేవి, నేలకు కలిపేవి చాలా ఉంటాయి, వాటిలో ఒకటి పోయినా యంత్రం నడవవచ్చు. సంకేతం మోసేది పోతే మాత్రం ఆ పని ఆగిపోతుంది. 2008 తరువాతి ఇంటెల్ ప్రాసెసర్లలో ర్యామును నడిపే భాగం ప్రాసెసరు లోపలికే చేరింది. అందుచేత ఆ పైన వచ్చిన బోర్డులలో ఒక పిన్ను వంగితే యంత్రం నడుస్తూనే ఒక స్లాటులోని ర్యాము మాత్రం కనబడదు. ర్యాము చెడిందనుకొని కొత్తది కొన్నవారిని నేనెరుగుదును.

అలా 2004 నుంచి సుమారు పద్దెనిమిదేళ్ళు చెనాయ్ సెంటరు బల్లల మీద శ్రావణం ఒక పక్క, పెన్సిలు ఒక పక్క ఉండేవి. 2022లో ఎ.ఎం.డి. కూడా ఎ.ఎం.5తో ఇంటెల్ దారి పట్టింది, సాకెట్టులోనే 1718 మొనలు. ఇంటెల్ అంతకుముందు ఏడే 1700కు చేరింది. ఎడం ఇప్పుడు మిల్లీమీటరు కూడా లేదు. కంటి అద్దంతో పని జరగక, తెర గల సూక్ష్మదర్శిని కింద పెట్టి చేస్తున్నారు. మరీ చెడితే సాకెట్టునే వేడిగాలి యంత్రం మీద పెకలించి కొత్తది అతుకుతారు. ల్యాప్‌టాపుల సంగతి ఇంకా వేరు. వాటిలో చాలావరకు 2014 ప్రాంతం నుంచి ప్రాసెసరును బోర్డుకే అతికేస్తున్నారు. పీట లేదు, సూది లేదు, వంగడం లేదు. చెడితే బోర్డంతా మార్చమంటారు. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ 'మరమ్మతు హక్కు' పేరిట ఒక పోర్టల్ ప్రారంభించింది. సెల్‌ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు అందులో ఉన్నాయి. చదివి సంతోషించాను. శ్రావణం పట్టే చేతుల ప్రస్తావన అందులో నాకు కనబడలేదు.

నా యంత్రం ఆ తరువాత నాలుగేళ్ళు నడిచింది. పద సేకరణకు ఇప్పుడు మూడు ప్రతులు ఉన్నాయి. ఆ రోజు మూడు వందలు పుచ్చుకొని, బోర్డు తిరిగి ఇస్తూ ఆ కుర్రవాడు, "దీని మూత ఉన్నదా సార్ మీ దగ్గర?" అని అడిగినాడు. సాకెట్టు మీద వచ్చే ప్లాస్టిక్కు మూత. కొన్ననాడే పారేశానన్నాను. తన డబ్బాలో వెదికి, అటువంటి పాత మూత ఒకటి తీసి, "ఈసారి తుడిచేటప్పుడు ఇది పెట్టి తుడువుండ్రి" అని చేతిలో పెట్టినాడు. యంత్రం పోయింది గాని, ఆ మూత నా బల్ల సొరుగులో ఉన్నది.